అడిగినవాళ్ళకే మాట

"నువ్వు రేపు వేదిక ఎక్కితే నాకు కంచం పెట్టొద్దు. రేపొక్కరోజే కాదు, ఈ బల్ల దగ్గర ఇంకెప్పుడూ పెట్టొద్దు," అన్నాడు కాస్పర్.

 వంటింట్లో పొయ్యి మీద ఎండు ఆల్బకరా పళ్ళు దాల్చినచెక్క ముక్కతో బుడబుడా ఉడుకుతున్నాయి. జనమంతా ఒకచోట కూడి చేతులెత్తి చట్టాలు చేసే మే సభనాటి మధ్యాహ్నం దూడమాంసం సాసేజీలూ, మెదిపిన బంగాళాదుంపలూ, ఈ పళ్ళూ లేకపోతే మా గ్లారుస్ లోయలో ఏ ఇంట్లోనూ అది భోజనం కిందికి రాదు. అందుకే శనివారం పొద్దుటే రొసీనా కుండర్ట్ గరిటె పట్టుకుని నిలబడింది.

"విన్నావా అమ్మా?"

"నాకు మోకాళ్ళు పోయాయిరా, చెవులు బాగానే ఉన్నాయి. కంచం వద్దన్నావు."

"అయితే?"

"అయితే రేపు మాట్లాడతాను."

కాస్పర్ కుర్చీని వెనక్కి నెట్టి లేచాడు. లేచినవాడు వెళ్ళిపోవాలి కదా, వెళ్ళలేదు. పోట్లాటను మధ్యలో వదిలి వెళ్ళడం ఆ ఇంటి రక్తంలోనే లేదు.

రొసీనా డెబ్బై దాటిన మనిషి. నది ఒడ్డునున్న అద్దకం మిల్లు ఆవిడది. లోయ మొత్తం మీద అందరికంటే ఎక్కువ పన్ను కట్టేది ఆవిడే, అందరికంటే పాత కోటు తొడుక్కుని రైలెక్కేదీ ఆవిడే. ఆవిడంటే నాకు ఇష్టమని మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. దాచుకోవలసిన అవసరం నాకేం లేదు.

మిల్లును ఇప్పుడు నడిపేది కొడుకు కాస్పర్. బాగానే నడుపుతున్నాడు. కానీ కిందటి చలికాలం ముందు మా ఊరి కచేరీకి వెళ్ళి తన పేరు కొట్టించేసి, సరస్సు పక్క ఊళ్ళో రాయించుకున్నాడు. అది పక్క రాష్ట్రం. రైల్లో కూర్చుని కునుకు తీద్దామనుకునేలోగా వచ్చేస్తుంది. అక్కడ డబ్బున్నవాళ్ళకి పన్ను ఇక్కడి దాంట్లో సగం కూడా ఉండదు. కూతురు సలోమె బడి వేసవిలో ముగుస్తుంది. అప్పుడు కూతుర్నీ, భార్య కొర్డూలానీ కూడా తీసుకుపోతాడు. అంతదాకా రోజూ పొద్దున్నే మిల్లుకి వస్తాడు, మధ్యాహ్నం తల్లి చేతి వంట తింటాడు, సాయంత్రం పన్ను తక్కువున్న మంచం మీదికి వెళ్ళిపోతాడు.

"పెళ్ళాం పిల్లా ఇక్కడ, మిల్లు ఇక్కడ, ఆకలి ఇక్కడ," అంది రొసీనా గరిటె ఆపకుండా. "జేబొక్కటే వెళ్ళి అక్కడ కాపురం పెట్టింది."

సలోమె కిసుక్కున నవ్వింది. పదహారు నిండాయి, రేపు మొదటిసారి ఓటు చీటీ పట్టుకుని సభకి వెళ్ళబోతోంది. తండ్రి చూపు తగలగానే ఆ నవ్వును రొట్టెముక్కతో కలిపి మింగేసింది.

"నవ్వవే, నవ్వు. రేపు మీ నానమ్మ పుణ్యమా అని ఊళ్ళోవాళ్ళంతా నవ్వుతారు," అన్నాడు కాస్పర్. "ప్రభుత్వమే పన్ను తగ్గిస్తానంటోంది. ఎందుకు తగ్గిస్తానంటోంది? నాలాంటివాళ్ళు వెళ్ళిపోతున్నారని. ఈవిడ వెళ్ళి, తగ్గించొద్దు, పెంచండి అంటుందట. నా నెత్తిన పెంచండి మహాప్రభో అని అడుక్కున్నవాళ్ళని ఎక్కడైనా చూశావా?"

"రేపు చూస్తావు," అంది రొసీనా.

ఎవరూ మాట్లాడకపోతే ఆ తగ్గింపు రేపు మధ్యాహ్నానికల్లా చట్టమైపోతుంది. ఎందుకంటే మౌనం అర్ధాంగీకారమని లోకమంతా అంటుంది గానీ, మా మే సభలో మౌనం పూర్తి అంగీకారమే. పుస్తకంలో అచ్చేసిన ప్రతిపాదన చదువుతారు, మాట ఎవరికైనా కావాలా అని అడుగుతారు, ఎవరూ చెయ్యెత్తకపోతే అది నెగ్గినట్టే. చెయ్యెత్తితే మాత్రం, పాలు పోసేవాడైనా సరే, మిల్లు యజమానురాలైనా సరే, అడిగినవాళ్ళకి మాట ఇచ్చి తీరాలి.

"సరే, నీకు మనసు మండిపోతోంది, ఊరికి ఇవ్వాలనుంది," కాస్పర్ మళ్ళీ కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గిస్తేనే భయపడాలి. "చెక్కు రాసి పంపించు. ఎవరు వద్దన్నారు? నీ సొమ్ము, నీ ఇష్టం. అందరి జేబులూ ఎందుకు దులిపిస్తావు?"

"చెక్కు పంపితే ఏమవుతుందో తెలుసా? రోడ్డు మీద ఎదురైన ప్రతివాడూ నాకు టోపీ తీసి దండం పెడతాడు. బడికి నా పేరు పెడతారు. ఆ బడిలో చదివే పిల్లలు నా ముందు వంగి నడుస్తారు." రొసీనా పొయ్యి మంట తగ్గించింది. "పన్ను కడితే ఎవడూ దండం పెట్టక్కర్లేదు. నాకా దండాలొద్దు కాస్పర్. మీ తాతకి పెట్టేవాళ్ళు. చిన్నప్పుడు ఆయన పక్కన నడుస్తుంటే, పెట్టినవాళ్ళ మొహాలు చూసేదాన్ని."

 ఆ మాట బాగుందని కొడుక్కీ తెలుసు. మంచి మాట ఎదుటివాడి నోట్లోంచి వచ్చినా గుర్తుపట్టగలిగే మనిషే అతను. ఆమధ్య పై ఊళ్ళ బస్సును ఆపేద్దామని ప్రభుత్వం అన్నప్పుడు, మే సభలో వేదికెక్కి ఆ బస్సును నిలబెట్టింది కాస్పరే. ఆ రోజు అతని మాట విని నేనూ చెయ్యెత్తాను.

"అయితే ఇది చెప్పు," అన్నాడు చివరికి. "పన్ను పెంచావే అనుకో. పోగలిగినవాడు పోతాడు. నేను పోయాను, చూశావుగా. పోలేనివాడెవడు? ఆసుపత్రి నర్సు. బడిపంతులు. కొండమీద ఆవుల్ని కాసేవాడు. వాళ్ళు ఎక్కడికి పోతారు? మేమంతా పోయాక ఖాళీ అయిన ఖజానాని ఎవరు నింపుతారు? నీ పెంపు తిరిగి తిరిగి వాళ్ళ నెత్తినే పడుతుంది. అప్పుడు వాళ్ళకేం చెప్తావమ్మా?"

రొసీనా గిన్నెలోని పళ్ళను కలిపింది. అవి కలపాల్సిన అవసరం లేదు, ఎప్పుడో ఉడికిపోయాయి.

కిటికీ దగ్గర కొర్డూలా బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఎండ ముక్క బల్ల మీద జరిగిన కొద్దీ ఆమె కూడా కుర్చీ జరుపుకుంటోంది. ఆ ఇంటికి దక్షిణంగా నిటారు కొండ. చలికాలమంతా సూర్యుడు దాని వెనకే వచ్చి వెనకే పోతాడు. తూర్పున పెద్ద సరస్సు ఒడ్డున పుట్టిన మనిషి కొర్డూలా, పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ఎండ కనబడితే దాని వెంట అలా జరుగుతూనే ఉంది. ఆ పొద్దుట ఇంత వాదన జరిగినా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు, తర్వాత సలోమె చెప్తుంటే విన్న నాక్కూడా.

"దీనికి నా దగ్గర జవాబు లేదు," అంది రొసీనా.

"లేకపోతే ఊరుకో!"

"జవాబు లేకపోతే నోరు మూసుకోవాలని ఏ పుస్తకంలో రాసుందిరా?"

"నాన్న మీద ఒట్టు, నేనే గనక రేపు సభ జరిగే రింగులో ఉంటే నీ ఎదురుగా నిలబడి ఇదే అడిగేవాణ్ణి. లోయంతా చూస్తుండగా నిన్ను ఓడించి..."

అక్కడ ఆగిపోయాడు. రింగులో ఉండే హక్కు అతనికి లేదు. ఓటు చీటీ ఊళ్ళో పేరున్నవాళ్ళకే వస్తుంది. ఈసారి ఇంటికి మూడు వచ్చాయి. రొసీనాకి, కొర్డూలాకి, సలోమెకి. చీటీ లేనివాడు రింగు చుట్టూ కట్టిన తాడు దాటి రాకూడదు, చెయ్యెత్తకూడదు, నోరెత్తకూడదు.

ఆ మాట తల్లి అనలేదు. అనొచ్చు, నాలుక చివర ఉండే ఉంటుంది. ఇంకొక తల్లయితే అనేదే. ఆవిడ మూత తీసుకుని గిన్నె మీద పెట్టింది.

కాస్పర్ కోటు తగిలించుకుని, "కంచం సంగతి గుర్తుంచుకో," అని తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. రైలుకి ఇంకా చాలా టైముంది. స్టేషన్లో ఒక్కడే బెంచీ మీద కూర్చున్నాడని తర్వాత చూసినవాళ్ళు చెప్పారు.

"నానమ్మా," అంది సలోమె. "నాన్న నిజంగానే అన్నాడంటావా?"

"మీ నాన్న అబద్ధం ఆడగా ఎప్పుడైనా చూశావా?" అని, గరిటె కడిగి గోడకి తగిలించింది రొసీనా.  

ఆదివారం దక్షిణపు వేడిగాలి వీచింది. ఆ గాలి వీస్తే మా లోయలో మంచు కరుగుతుంది, తలలు నొప్పి పుడతాయి, అన్నదమ్ములు పొలం గట్ల మీద తగాదా పడతారు. అలాంటి గాలిలో పన్నుల మాట ఎత్తడమంటే ఎండుగడ్డి పక్కన చుట్ట కాల్చుకోవడమే.

రొసీనా తన మిల్లులోనే అద్దిన ఎర్ర రుమాలు మెడకి కట్టుకుంది. దాని మీద అంచు చుట్టూ మామిడిపిందెలు. ఒక పక్క కొర్డూలా, ఒక పక్క సలోమె. ముగ్గురూ పసుప్పచ్చ చీటీలు చేతపట్టుకుని, చెక్కలతో గుండ్రంగా మెట్లు కట్టిన రింగులోకి నడిచారు. కుండర్ట్ కుటుంబం ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డారు. కాస్పర్ చోటు ఖాళీగా ఉంది. అంత జనంలోనూ దాన్ని ఎవరూ ఆక్రమించలేదు. మాలో అదొక మర్యాద.

కాస్పర్ వచ్చాడు. తాడు అవతల, కెమెరాలు పట్టుకున్న యాత్రికుల మధ్య నిలబడ్డాడు. పై ఊరి పాలవాడు ఫ్రీడ్లి హెఫ్టి చీటీ ఊపుకుంటూ లోపలికి పోతూ అతన్ని చూసి ఆగాడు.

"ఏం దొరా, చుట్టపుచూపుగా వచ్చారా? మా లోయ బాగుందా? ఫొటోలు తీసుకున్నారా?"

"వెళ్ళెహె, నీ పాలు విరిగిపోతాయి," అన్నాడు కాస్పర్. ఇద్దరూ నవ్వారు. ఫ్రీడ్లి నవ్వుతూనే లోపలికి వెళ్ళిపోయాడు, కాస్పర్ నవ్వు మాత్రం తాడు దగ్గరే ఆగింది.

సభాపతి లాండమ్మన్ పెద్ద కత్తి మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. అందరూ చెయ్యెత్తి ప్రమాణం చేశారు. మొదటి అంశాలు మౌనంగా నెగ్గిపోయాయి. తర్వాత పన్ను చట్టం సవరణ చదివారు.

"మాట ఎవరికైనా కావాలా?"

 రొసీనా చెయ్యి లేచింది.

"శ్రీమతి రొసీనా కుండర్ట్‌కి మాట."

మోకాళ్ళ నొప్పితో ఆవిడ వేదిక మెట్లెక్కడానికి కొంతసేపు పట్టింది. జనం ఓపిగ్గా చూశారు. సలోమె ఆవిణ్ణి చూడలేదు, తాడు వైపే చూస్తోంది.

"గౌరవనీయులైన లాండమ్మన్ గారూ, ఎంతో నమ్మకస్తులైన ప్రియమైన నా తోటి దేశవాసులారా," అని మొదలుపెట్టింది. వేదికెక్కిన ప్రతివాళ్ళూ అలాగే మొదలుపెడతారు. కానీ ఆవిడ ఆ నమ్మకస్తులు అన్న మాటను నిజంగా అన్నట్టు అంది. "ఈ తగ్గింపు వద్దంటున్నాను. తగ్గించడానికి బదులు అన్నిటికంటే పైమెట్టు ఆదాయాల మీద పన్ను పెంచమంటున్నాను. ఆ పైమెట్టు మీద నేనున్నాను. కాబట్టి పరాయివాళ్ళ జేబులో చెయ్యి పెడుతున్నానని ఎవరూ బాధపడక్కర్లేదు."

అక్కడక్కడా నవ్వులు వినబడ్డాయి.

"మా మిల్లు పైన వాగుకి అడ్డంగా ఒక రాతిగోడ ఉంది. నా చిన్నప్పుడు ఆ గోడ లేదు. వాగు పొంగి మిల్లులోకి వచ్చింది, అద్దకం బల్లలు నదిలో కొట్టుకుపోయాయి. మా నాన్న బురదలో కూర్చుని ఏడ్చాడు. ఆ మరుసటి మే సభలో ఇదే రింగులో చేతులెత్తి ఆ గోడ కట్టించారు. ఎవరు ఎత్తారు? పై ఊళ్ళవాళ్ళు. వాళ్ళకి ఆ వాగుతో పని లేదు, మిల్లుతో అంతకంటే లేదు. అయినా ఎత్తారు. ఆ గోడ వెనక మా నాన్న సంపాదించాడు, నేను సంపాదించాను, నా కొడుకు సంపాదిస్తున్నాడు. ఇవాళ పై ఊళ్ళ మీదికి కొండ జారుతోంది. వాళ్ళకి గోడ కావాలి. ఏరు దాటాక తెప్ప తగలేసే వయసు నాకు దాటిపోయింది."

ఇక్కడితో ఆపేసి ఉంటే ఆవిడ సులువుగా నెగ్గేది. నా పక్కనున్నాయన అప్పటికే చీటీ సర్దుకుంటున్నాడు. కానీ రొసీనా దిగలేదు.

"నాకు ఎదురుగా ఒక మాట ఉంది. అది నా కొడుకు మాట. వాడికి ఇక్కడ మాట్లాడే హక్కు లేదు, ఎందుకు లేదో మీ అందరికీ తెలుసు. వాడికి లేదని ఆ మాటను నేను దాచేస్తే, నేను మీ దగ్గర మోసం చేసి నెగ్గినదాన్ని అవుతాను. అందుకని వాడి బదులు నేనే చెప్తున్నాను, వినండి."

 ఆవిడ కొడుకు మాటను ఉన్నదున్నట్టు చెప్పింది. పోగలిగినవాడు పోతాడని, పోలేని నర్సు, పంతులు, ఆవుల కాపరి మిగులుతారని, ఈ పెంపు తిరిగి వాళ్ళ నెత్తినే పడొచ్చని. ఒక్క ముక్క తగ్గించలేదు. వెటకారంగా చెప్పలేదు. అతను గొంతు తగ్గించిన చోట తనూ తగ్గించింది.

తాడు పట్టుకున్న కాస్పర్ వేళ్ళు తెల్లబడిపోయాయి.

"దీనికి నా దగ్గర జవాబు లేదు," అంది రొసీనా. "ఉన్నదల్లా ఒక్కటే. నేను మాత్రం పోను. ఇక్కడ నిలబడ్డవాళ్ళలో ఇంకెంతమంది పోరో నాకు తెలియదు. మీ చేతులే జవాబు. అంతే, దిగుతున్నాను."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవలేని మనిషి, తనను ఓడించిన మాటను కూడా వెంటబెట్టుకుని రచ్చకి రావడం నేను చూడటం అదే మొదటిసారి. చప్పట్లు మా రింగులో మర్యాద కాదు. లేకపోతే నేను కొట్టేవాణ్ణి.

తర్వాత ఒక పెద్దమనిషి లేచి ఆవిడకు ఎదురు మాట్లాడాడు. కాస్పర్ వాదననే ఎత్తుకుని, సొంతదానిలా చెప్పాడు. చెప్పడం మాత్రం చేతకాలేదు. నర్సునీ పంతుల్నీ వదిలేసి, కష్టపడి సంపాదించినవాళ్ళ బాధ గురించి ఏకరువు పెట్టాడు.

"అలా కాదయ్యా! అది కాదు! పోలేనివాళ్ళ సంగతి చెప్పు!" అని తాడు అవతలనుంచి ఒక కేక.

కాపలా అమ్మాయి గిరుక్కున తిరిగింది. "అయ్యా, తాడు బయట మాట్లాడకూడదు," అంది. కాస్పర్ తల దించుకున్నాడు. అతని చెవులు కందిపోయాయి.

ఓటు మొదలైంది. ఒకసారి ఆ పక్షం చేతులు, ఒకసారి ఈ పక్షం చేతులు. మాలో లెక్కపెట్టడం ఉండదు, లాండమ్మన్ కళ్ళతోనే తూకం వేస్తాడు. ఆయన రెండు పక్షాలనూ చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఎత్తమన్నాడు. సహచరుల్ని పైకి పిలిచి వాళ్ళనీ చూడమన్నాడు. మూడోసారి ఎత్తమన్నాడు.

సలోమె మూడుసార్లూ నానమ్మ పక్షానే ఎత్తింది, మునివేళ్ళ మీద లేచి మరీ. మూడోసారి చెయ్యి దించుతూ పక్కకి చూసింది. తల్లి చీటీ కోటు జేబులోనే ఉంది. ఏ పక్షానికీ అది బయటికి రాలేదు.

"శ్రీమతి కుండర్ట్ ప్రతిపాదనకే ఎక్కువ చేతులు," అన్నాడు లాండమ్మన్, కత్తి మీద చేతులు మార్చుకుని. "వెంట్రుకవాసి తేడాతో."

రొసీనా తాడు వైపు తిరిగి చూసింది. కాస్పర్ నిలబడిన చోట ఎవరో యాత్రికుడు ఐస్‌క్రీం తింటున్నాడు.

మధ్యాహ్నం బల్ల మీద మూడు కంచాలు పెట్టి ఉన్నాయి.

"నానమ్మా, నాన్న కంచం?"

"వద్దన్నాడుగా."

"కోపంలో అన్నాడు."

"కోపంలో అన్నా మాట మాటే. నేను వేదికెక్కాను, వాడు కంచం వద్దన్నాడు. నేను నా మాట మీదుంటే, వాణ్ణి వాడి మాట మీద ఉండనివ్వొద్దా?"

అలా అందే గానీ ముద్ద ఎత్తలేదు. సాసేజీల మీది సాసు గడ్డకట్టింది. లోయనంతా గెలిచిన మనిషి మొహంలా లేదు అది. ఇంటి ముందు అడుగుల చప్పుడైన ప్రతిసారీ ఫోర్కు కింద పెడుతోంది, ఎవరూ కాకపోతే మళ్ళీ తీస్తోంది. ఆవిడకు ఒక్కగానొక్క కొడుకు. పన్ను మాట ఎత్తిన రోజు దాని వెల ఇదని ఆవిడకు తెలుసు. తెలిసి ఎత్తింది. అయినా బాధ బాధే కదా.

తలుపు తెరుచుకుంది.

కాస్పర్ టోపీ తీసి నిలబడ్డాడు. బల్ల చూశాడు. మూడు కంచాలు లెక్కపెట్టుకున్నాడు. సలోమె గబుక్కున అల్మారా వైపు లేచింది.

"కూర్చో," అంది రొసీనా. "కాళ్ళున్నాయి, నోరుంది. ఏం కావాలో వాడే అడుగుతాడు."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మ గుమ్మంలోకి కాదు, ఉప్పుగిన్నె వైపు చూస్తోంది. కొడుకు గొంతు సవరించుకున్నాడు. 

"గౌరవనీయురాలైన అమ్మా," అన్నాడు కాస్పర్, రింగులో నిలబడినట్టు నిటారుగా నిలబడి. "ఎంతో నమ్మకస్తులైన ప్రియమైన నా తోటి దేశవాసులారా. నాకు మాట కావాలి."

సలోమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రొసీనా మెల్లగా లేచింది. గిన్నెలోని గరిటె తీసి బల్ల మీద నిలబెట్టి, లాండమ్మన్ కత్తి మీద ఆనించినట్టు దాని మీద రెండు చేతులూ ఆనించింది.

"కాస్పర్ కుండర్ట్‌కి మాట."

"ముందు ప్రతిపాదన, తర్వాత కారణం. అదేగా నియమం. రేపు పొద్దున్నే ఊరి కచేరీకి వెళ్ళి నా పేరు మళ్ళీ ఇక్కడే రాయించుకుంటాను."

"కారణం?" అంది రొసీనా.

"నువ్వు చెప్పింది సరైందని మాత్రం కాదు. తప్పు. ఇవాళ మీరంతా చేసింది తప్పే. వచ్చే ఏడు వేదికెక్కి అదే చెప్తాను. నువ్వు నా మాట బాగానే చెప్పావుగానీ సగమే చెప్పావు."

"రెండో సగం నువ్వు నాకు చెప్పలేదుగా."

"తర్వాత ఆ పెద్దమనిషి లేచి దాన్ని నాశనం చేశాడు. నా మాట నా కళ్ళ ముందు చచ్చిపోతుంటే, తాడు అవతల నిలబడి చూడాల్సొచ్చింది." టోపీని చేతుల్లో నలిపాడు. "అమ్మా, నీ నోట్లోంచి నా మాట వినబడుతుంటే నాకెలా ఉందో తెలుసా? నేను పోయాక నా గురించి ఎవరో మంచిగా చెప్తున్నట్టుంది. నాకింకా అంత వయసు రాలేదు. నా మాట నేనే చెప్పుకోవాలి. దానికి చీటీ కావాలి."

"అంటే, పెరిగిన పన్ను కడతావా నాన్నా?" సలోమె ఆగలేకపోయింది. "పన్ను పెంచొద్దని చెప్పడానికి, పెరిగిన పన్ను కడతావా?"

"కడతాను. తిట్టుకుంటూ కడతాను. తిట్టే హక్కు కోసమే కడతాను."

 కళ్ళు తుడుచుకోవడానికి గరిటె వదిలితే అది పడిపోతుంది, అందుకని రొసీనా తుడుచుకోలేదు. తన కొడుకు తనతో ఏకీభవించకుండానే తిరిగొచ్చాడు. అంతకంటే గర్వం ఆ తల్లికి ఇంకేం కావాలి?

"ప్రతిపాదన విన్నారు," అంది. "ఒప్పుకునేవాళ్ళు?"

సలోమె రెండు చేతులూ ఎత్తేసింది.

"ఒక చెయ్యి చాలే పిల్లా. మనకి దొంగ ఓట్లొద్దు."

కాస్పర్ గట్టిగా నవ్వాడు. శనివారం నుంచీ ఆ వంటింట్లో నవ్వు వినబడటం అదే మొదలు. రొసీనా గరిటె సలోమె చేతికిచ్చి అల్మారా దగ్గరికి నడిచింది. నాలుగో కంచం తీసి, మెడలోని ఆ ఎర్ర రుమాలు కొసతో తుడిచింది. ఓటు అయిపోయినట్టే. అయినా ఆవిడ నియమం తప్పే మనిషి కాదు. ఒక పక్షాన్ని అడిగాక రెండో పక్షాన్ని అడగకుండా వదలదు.

"ఎదురు చెప్పేవాళ్ళు?" అంది నవ్వుతూనే, కంచం చేత్తో పట్టుకుని.

కిటికీ పక్కనుంచి ఎండ అప్పటికే జారిపోయింది. ఆ నీడలో, బల్ల చివర, కొర్డూలా చెయ్యి లేచింది.

కాస్పర్ నవ్వు ఆగింది. సలోమె తల్లిని చూసింది, తర్వాత తండ్రిని చూసింది.

కొర్డూలా చెయ్యి దించలేదు. "మీరిద్దరూ పన్ను కోసమే వెళ్తున్నామనుకున్నారు, పన్ను కోసమే ఉంటున్నామనుకున్నారు," అంది. "ఎండ ఉన్న ఆ సరస్సు ఊరికి నేనెందుకు వెళ్దామనుకున్నానో నన్ను ఒక్కసారైనా అడిగారా అత్తయ్యా? నాకూ మాట కావాలి."

రొసీనా కంచాన్ని బల్ల మీద పెట్టలేదు, అల్మారాలోనూ పెట్టలేదు. దాన్ని గుండెకి ఆనించుకుని అలాగే నిలబడింది. ఇష్టమున్నా లేకపోయినా, అడిగినవాళ్ళకి ఇవ్వాల్సిందే.

"కొర్డూలా కుండర్ట్‌కి మాట," అంది.